చివరగా చూసిన కిటికీ

నేను ఒక మీటను. కంప్యూటరు మీటల పలక మీద ఎడమ అంచున, అక్షరాల వరుసకు ముందు కావలి మనిషిలా నిలిచి ఉండేదాన్ని. నా పేరు ట్యాబ్. నా వీపు మీద అక్షరం లేదు. ఒకదానికొకటి ఎదురుగా పరుగెత్తే రెండు బాణాలు ఉండేవి. అవి కూడా అరిగిపోయాయి. ప్రస్తుతం చీరాలలో మస్తాన్ వలి మరమ్మతు దుకాణంలో, ఒక పాత ఐస్‌క్రీం డబ్బాలో, నాలాగే ఊడిపోయిన మీటల మధ్య పడి ఉన్నాను.

ఈ డబ్బాలో అక్షరాలు తమ గతాన్ని గొప్పగా చెప్పుకుంటాయి. ఒకటి పెళ్ళి శుభలేఖలు రాశానంటుంది, మరొకటి రాజీనామాలు రాశానంటుంది. నేను జీవితంలో ఒక్క అక్షరం కూడా రాయలేదు. మనుషులు దాచుకోదలచిన వాటిని దాచిపెట్టడానికి సాయపడ్డాను. అందుకే నా వంతు వచ్చినప్పుడల్లా మాట తప్పించేదాన్ని. ఈ రోజు చెబుతున్నానంటే సిగ్గు తీరిందని కాదు. ఆ సిగ్గులో నా వాటా ఎంతో తేల్చుకోవాలని.

దూరదేశంలో ఒక కర్మాగారంలో, ప్లాస్టిక్ గింజలను కరిగించి పోసిన అచ్చులో పుట్టాను. అదే క్షణాన, అదే అచ్చుపలకలో నాతో పాటు పుట్టినవి చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని ఆసుపత్రులకు వెళ్ళాయి, కొన్ని సినిమా టికెట్ల గదులకు వెళ్ళాయి, కొన్ని పెట్టె విప్పకముందే విరిగిపోయాయి. ఒకే ఘడియలో, ఒకే చోట పుట్టిన మాకు ఒకే జాతకం ఎందుకు కుదరలేదో పండితులెవరైనా వివరిస్తే వినాలని ఉంది.

నా ఉద్యోగం గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే తరువాతి కథ అర్థం కాదు. కంప్యూటరు తెర మీద మనుషులు ఒకేసారి ఎన్నో పనులు తెరిచి పెట్టుకుంటారు. ఒక్కో పనికి ఒక్కో చట్రం. దాన్ని కిటికీ అంటారు. బల్ల మీద కాగితాల్లాగా అవి ఒకదాని మీద ఒకటి పరుచుకొని ఉంటాయి. పైనున్నది కనిపిస్తుంది. కిందున్నది కనిపించదు, అయితే పోదు. నా పొరుగునున్న ఆల్ట్ మీటను బొటనవేలితో అదిమిపట్టి, మరో వేలితో నన్ను నొక్కితే, కిందున్న కిటికీ పైకి వస్తుంది. ఏ కిటికీ వస్తుందన్న దానికి ఒక నియమం ఉంది: మీరు ఇప్పుడున్న దానికి ముందు, చివరగా దేన్ని చూశారో అదే వస్తుంది. మీరు చూపించాలనుకున్నదేదో నాకు తెలియదు. మీరు చూసినది మాత్రమే తెలుసు. ఇది కాక నాకు మరో చిన్న పని కూడా ఉంది. పేరు, ఊరు, పుట్టినరోజు అంటూ తెర మీద గళ్ళు నింపేటప్పుడు, ఒక గడి నుంచి పక్క గడికి మనిషిని నడిపించేది నేనే.

మొదట నన్ను తొడుక్కున్న ల్యాప్‌టాప్ యంత్రం ఒంగోలులో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసుకు చేరింది. అక్కడ శేషుబాబు అనే గుమాస్తా నా యజమాని. పైన నిల్వల పట్టిక, కింద పేకముక్కల ఆట. ఆ రెండింటి మధ్య తలుపును నేను. మేనేజరుగారి తోలు చెప్పులు కిర్రుమని వరండాలో మోగగానే శేషుబాబు వేలు నా మీద పడేది.

"ఏమయ్యా శేషూ, ఎందాకా వచ్చింది?"

"అయిపోవచ్చిందండి. ఒక్కచోట ఇరుక్కుంది."

అది అబద్ధం కాదు. ఇరుక్కున్నది రాణి కింద. ఒక రోజు మేనేజరుగారు ఆ కుర్చీలో తానే కూర్చుని, ఏదో చూపించబోయి నన్ను నొక్కారు. పట్టిక వెనక్కి పోయి పేకముక్కలు పైకి వచ్చాయి. శేషుబాబు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మేనేజరుగారు తెరను చాలాసేపు గంభీరంగా పరిశీలించి, గొంతు తగ్గించి, "నల్ల తొమ్మిది మీదికి ఎర్ర ఎనిమిది జరపాలయ్యా. అంతమాత్రం తెలీదా?" అన్నారు.

అక్కడ నేర్చుకున్న విషయం ఒకటుంది. మనిషి సిగ్గుపడినప్పుడు ముఖం వేడెక్కుతుందని అందరూ అంటారు. నాకు ముఖాలు దగ్గరగా తెలియవు. వేలికొసలు తెలుసు. అవి చల్లబడతాయి. శేషుబాబు వేలు చల్లగా ఉన్నదంటే చెప్పులు మోగాయని అర్థం.

కొన్నేళ్ళకు ఆ కంపెనీ యంత్రాలను మార్చింది. పాతవి మస్తాన్ వలి దుకాణానికి చేరాయి. మస్తాన్‌కు కంప్యూటర్లు బాగుచెయ్యడం ఒక వృత్తి, ఊళ్ళోని హేతువాద మిత్రమండలికి కార్యదర్శిగా ఉండడం ఇంకొక వృత్తి; రెండోదానిలో రాబడి లేదు. మండలి అధ్యక్షుడు దక్షిణామూర్తి మాస్టారు. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన మనిషి. మస్తాన్ నన్ను యంత్రంతో సహా ఆయన చేతిలో పెట్టాడు.

మాస్టారి వేలు వెచ్చగా, నిలకడగా ఉండేది. దాచుకోవలసినదేమీ లేని వేలు అనిపించేది. గ్రహాల చిత్రాలు, పాముకాటు మీద ఉపన్యాసం, బాబాల చేతివాటం మీద వ్యాసం, వీటి మధ్య నేను నిష్కల్మషంగా తిరిగేదాన్ని. పేకముక్కల పాపం ఇక్కడ కడుక్కుంటున్నానని కూడా అనుకున్నాను.

ఆయన భార్య హైమవతి. బడిలో ప్రకృతిశాస్త్రం చెప్పేది. ఆయనకంటే ఆమే గట్టి పిండం. వాళ్ళిద్దరూ పట్టుబట్టి రాహుకాలంలో దండలు మార్చుకున్నారట. పెద్దలంతా బయట వేపచెట్టు కింద కూర్చుని రాహుకాలం వెళ్ళాక లోపలికి వచ్చి భోజనం చేశారని ఆమె చెబుతూ నవ్వేది. భర్తను "మూర్తిగారూ" అని పిలిచేది. ఆయన ఉపన్యాసాలను ఈ బల్ల దగ్గరే ముందుగా విని, తప్పులు పట్టేది.

ఆమెకు రక్తానికి సంబంధించిన జబ్బు పట్టుకుంది. గుంటూరు తీసుకువెళ్ళి వచ్చేవారు. డాక్టరు ఆశ ఉందన్నాడు. ఎంత ఆశ అని మాస్టారు అడిగితే, "ఒక్కో శరీరం ఒక్కోలా స్పందిస్తుంది సార్, చూద్దాం" అన్నాడట. జీవితమంతా విద్యార్థులకు సంభావ్యతను బోధించిన మనిషి ఆ జవాబును భరించలేకపోయాడు. శాస్త్రం నిజాయితీగా తనకు తెలియనిది తెలియదని చెప్పింది. ఆయనకు నిశ్చయం కావలసి వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆమె పక్కగదిలో నిద్రపోతున్నది. మాస్టారు ఉచితంగా దొరికే ఒక జాతకం ప్రోగ్రామును యంత్రంలోకి దించుకున్నారు. ముంగిట వినాయకుడు, రెండు వైపులా మిణుకుమనే దీపాలు. పేరు, పుట్టిన ఊరు, తేదీ నింపారు. పుట్టిన వేళ దగ్గర ఆగిపోయారు. హైమవతి అక్కకు ఫోను చేసి గొంతు తగ్గించి మాట్లాడారు.

"వదినా, హైమ ఏ వేళప్పుడు పుట్టిందో మీకేమన్నా గుర్తుందా?"

అవతలి గొంతుకు తగ్గించే అలవాటు లేదు. "ఇన్నేళ్ళకి దారికొచ్చారా మరిదిగారూ!"

"అబ్బే, అదేం లేదు. ఈసారి పుట్టినరోజు చేద్దామని."

"పుట్టినరోజుకి వేళెందుకండీ? కేకు కొయ్యడానికి కూడా ముహూర్తం పెడుతున్నారా? సందె దీపం పెట్టేవేళ పుట్టింది. అమ్మ దీపం వెలిగిస్తుంటేనే నొప్పులొచ్చాయి. రాసుకోండి, రాసుకోండి."

ఆయన వేలు నా మీదికి వచ్చింది. శేషుబాబు వేలికన్నా చల్లగా ఉంది. తెర మీద చక్రం తిరిగి, చివర ఒక వాక్యం నిలిచింది. ఆయుర్దాయము: పూర్ణాయుష్షు.

మాస్టారు గుండెల నిండా ఊపిరి తీసి వదిలారు. అది నా మీద పడింది. ఆయన చూడడం మీద నాకు పెద్దగా అభ్యంతరం లేదు, జిజ్ఞాస అనుకోవచ్చు. అయితే ఆ మాట చదివి ఆయన మనసు తేలికపడింది. ఆ సంగతి ఆయనకు కూడా తెలిసింది. వెంటనే నన్ను నొక్కి చంద్రకళల పాఠాన్ని పైకి తెచ్చుకున్నారు. కాని మరునాడు మళ్ళీ చూశారు. ఆ తరువాత, గుంటూరు నుంచి వచ్చిన ప్రతిసారీ చూశారు.

ఆ ఏడు సూర్యగ్రహణం వచ్చింది. అలాంటి రోజున మిత్రమండలికి ఒక ఆచారం ఉంది. ఆచారాలు వద్దనేవారికీ ఆచారాలుంటాయి. గ్రహణం పట్టే వేళ అందరూ ఒకచోట చేరి, ఆకాశం కింద నిలబడి ఉప్మా తింటారు. గర్భిణులను ప్రత్యేకంగా పిలుస్తారు. ఆసారి నేతకార్మికుల సంఘం హాలులో ముందు మాస్టారి ఉపన్యాసం, తరువాత ఆవరణలో గ్రహణం చూడడం. హాలు కప్పు పాత రేకులది. మేకులు ఊడిన చోట చిన్న చిన్న రంధ్రాలు. వాటిలోంచి దిగిన ఎండ నేల మీద గుండ్రటి బిళ్ళలుగా పడుతుంది. అలాంటి ఒక బిళ్ళ మాస్టారి బల్ల మీద, నా పక్కనే పడి ఉంది.

ముందు వరుసలో నాంచారమ్మ అనే నేతపనివాళ్ళ ఇంటి పెద్దావిడ, నెలలు నిండుతున్న కోడలు ప్రసన్నతో వచ్చి కూర్చుంది. మాస్టారిని చూడగానే లేచి వచ్చి చెప్పేసింది.

"మాస్టారూ, మా ఆడపడుచు బిడ్డకి గ్రహణమొర్రి. పసిగుడ్డు పాలు తాగలేక ఏడుస్తుంటే, దూదితో నోట్లో పాలు పిండింది నేను. మీరు చెబితే వింటాను, వినడానికే వచ్చాను. కోడల్ని మాత్రం ఎండలోకి పంపను."

"వినండి చాలమ్మా. పంపడం సంగతి తరవాత చూద్దాం."

ప్రసన్న చూపు మాత్రం వాకిట్లో పొగలు కక్కుతున్న ఉప్మా గిన్నె మీద ఉంది.

మాస్టారు అన్నీ సరిచూసుకున్నారు. పైన ఉపన్యాసం బొమ్మలు, దాని కింద చంద్రుడూ గ్రహాలూ ఎక్కడున్నాయో చూపే ఆకాశపటం. బంతినీ దీపాన్నీ పెట్టి నీడ ఎలా పడుతుందో చూపించాక, ఆల్ట్ మీటతో కలిపి నన్ను ఒక్కసారి నొక్కితే ఆకాశపటం వస్తుంది. ఇంట్లో హైమవతి ముందు అలాగే సాధన చేశారు. అయితే, మస్తాన్ ఇంకా ప్రొజెక్టరు తీగతో కుస్తీ పడుతుండగా, జనం తోసుకుని కూర్చుంటుండగా, ఆయన చూపు ముందు వరుస చివర కూర్చున్న భార్య మీద పడింది. చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని ఉంది. బాగా సన్నబడింది. ఆయన తెర అడుగున ఉన్న గుర్తును నొక్కి, ఆ జాతకం కిటికీని పైకి తెచ్చి, ఆ ఒక్క మాటా చదువుకుని, మళ్ళీ ఉపన్యాసం బొమ్మల మీదికి వచ్చేశారు. ఒక్క గుక్క నీళ్ళు తాగినంతసేపు పట్టింది.

నా నియమం ఆయనకు తెలుసు. ఆ క్షణంలో గుర్తు లేదు. నాకు మాత్రం నోరు లేదు.

ఉపన్యాసం బాగా సాగింది. బంతి దీపం ముందు నుంచి జరిగి దాని నీడ గోడ మీద పడుతుంటే జనం ముందుకు వంగి చూశారు. నాంచారమ్మ కూడా వంగి చూసింది. "సరే, ఇప్పుడు చంద్రుడు ఎక్కడున్నాడో మనమే చూద్దాం" అని మాస్టారు మమ్మల్ని నొక్కారు.

గోడకు కట్టిన తెల్లగుడ్డ మీద వినాయకుడు ప్రత్యక్షమయ్యాడు. రెండు వైపులా దీపాలు మిణుకుమన్నాయి. కింద, మనిషి చెయ్యంత అక్షరాలతో: శ్రీమతి హైమవతి గారి జాతక చక్రము. ఆయుర్దాయము: పూర్ణాయుష్షు.

వెనక వరుస నుంచి ఎవడో అందుకున్నాడు. "మాస్టారూ, చంద్రుడు ఏ ఇంట్లో ఉన్నాడండీ?"

రేకులు అదిరేలా నవ్వారు. మాస్టారి వేలు నా మీదే ఉంది. అది వేలో మంచుముక్కో నాకు తెలియలేదు. నన్ను మరోసారి నొక్కితే ఆ కిటికీ వెనక్కి పోయేది. ఆయన నొక్కలేదు. గొంతు సవరించుకుని, చిరునవ్వు తెచ్చిపెట్టుకుని, ఇలా అన్నారు.

"నవ్వండి. మీరు నవ్వాలనే పెట్టాను. చంద్రుడి కంటే ముందు మీకు చూపించాలనుకున్నది ఇదే. ఎవరి పేరో ఎందుకని నా భార్య పేరే ఇచ్చాను. నాలుగు గళ్ళు నింపితే ఒక పెట్టె ఆయుష్షు చెప్పేస్తుంది! ఇదండీ మనం తరతరాలుగా భయపడుతున్న బ్రహ్మరాత."

క్షణం తడబడి, నవ్వు చప్పట్లుగా మారింది. మస్తాన్ అందరికంటే గట్టిగా కొట్టాడు. నాంచారమ్మ కూడా కొట్టింది. హైమవతి కొట్టలేదు. ఒళ్ళో పెట్టుకున్న కళ్ళద్దాలను కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది.

శేషుబాబు అబద్ధాలకు నేను తలుపుగా ఉన్నాను. ఈ అబద్ధానికి వేదికనయ్యాను. తేడా ఏమిటంటే, అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

గ్రహణం పట్టడం మొదలైందని బయటి నుంచి కేక వినిపించింది. జనం ఆవరణలోకి వెళ్ళారు. మాస్టారు తీగ ఊడదీస్తున్నట్టు నటిస్తూ బల్ల దగ్గరే ఉండిపోయారు. హైమవతి నెమ్మదిగా వచ్చి పక్కన నిలబడింది.

"అక్క ఆ రోజే నాకు ఫోను చేసింది మూర్తిగారూ. 'మీ ఆయన దారికొచ్చాడే' అని తెగ సంబరపడిపోయింది."

మాస్టారు తల ఎత్తలేదు. "అయితే ఎందుకు అడగలేదు?"

"మీరే చెబుతారని చూశాను. భయమేసిందని చెబుతారు, చెబితే నేను కూడా..." ఆమె ఆగింది. "పోనివ్వండి. ఎన్నిసార్లు చూశారు?"

"లెక్కపెట్టలేదు."

"మీరు లెక్కపెట్టని విషయం కూడా ఒకటుందన్నమాట." ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

"జనం పోతారని అలా అనేశాను హైమా. ఇంతమందిని పోగేసి..."

గుమ్మం దగ్గర నాంచారమ్మ గొంతు వినిపించింది. కోడలి చెయ్యి పట్టుకుని బయటికి నడిపిస్తున్నది. "రావే, భయపడకు. సొంత పెళ్ళాం జాతకాన్నే గోడకెక్కించి నవ్వించాడు ఆ మారాజు. ఆయనకి లేని భయం మనకెందుకు?"

హైమవతి ఆ వైపు చూసి, చాలా మెల్లగా అన్నది. "ఆ పిల్ల బయటికి వెళుతున్నది బంతిని, దీపాన్ని చూసి కాదు. మీ అబద్ధాన్ని చూసి. జాతకాన్ని నమ్మడానికీ దీన్ని నమ్మడానికీ తేడా ఏమిటండీ?"

మాస్టారు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. ఆ గుమ్మం దాటితే ప్రసన్న ఆయన గెలుపు. పిలిస్తే ఆయన ఓటమి. అంత చిన్న లెక్క.

"నాంచారమ్మగారూ, ఒక్క మాట."

ఆమె వెనక్కి వచ్చింది.

"ఇందాక నేను చెప్పింది నిజం కాదమ్మా. అది చూపించాలని పెట్టింది కాదు, పొరపాటున వచ్చింది. మా ఆవిడకి ఒంట్లో బాగాలేదు. భయమేసి, దొంగచాటుగా చూసుకున్నాను. ఇక్కడికొచ్చాక కూడా చూసుకున్నాను. గ్రహణం గురించి చెప్పింది మాత్రం నిజం. మొర్రి గ్రహణం వల్ల రాదు. అది నిజం."

నాంచారమ్మ ఆయన ముఖం వంక, హైమవతి వంక మార్చి మార్చి చూసింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆయనకు సులువయ్యేది.

"మీక్కూడా భయమేస్తదా సారూ?"

"వేస్తుందమ్మా."

"మరైతే మా భయం మమ్మల్ని పడనియ్యండి." కోడలిని లోపలికి తీసుకువచ్చి, గోడవారగా కూర్చోబెట్టి, తలుపులు, కిటికీలు ఒక్కొక్కటిగా మూసింది. "అత్తా, ఉప్మా?" అని ప్రసన్న అడుగుతుంటే, అత్త ఆఖరి కిటికీకి గొళ్ళెం పెట్టింది.

మాస్టారు వెనక తలుపు గుండా ఆవరణలోకి వెళ్ళారు. మైకులో ఆయన గొంతు వినిపించింది. అదే సంగతి, అవే మాటలు, ఇంకాస్త మెల్లగా. కొన్ని చెప్పుల అలికిడి దూరమైంది. ఆపైన మస్తాన్ గొంతు, ఏడుపుకీ కేకకీ మధ్య ఎక్కడో: "సరే, విన్నారుగా! ఇప్పుడు ఉప్మా చల్లారిపోతోంది. ఉండేవాళ్ళు రండి!"

లోపల చీకటి. హైమవతి నా పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. గ్రహణం బాగా పట్టాక చూశాను. నా పక్కన బల్ల మీద గుండ్రంగా పడి ఉండిన ఎండ బిళ్ళ నెలవంకగా మారిపోయింది. నేల మీద ఉన్నవన్నీ నెలవంకలే. ప్రతి మేకు రంధ్రం లోపలికి ఒక గ్రహణాన్ని దించింది. తలుపులు మూసిన నాంచారమ్మకు కప్పు గుర్తు రాలేదు. ప్రసన్న నిండు పొట్ట మీద, నీలిరంగు చీర మీద, ఒక సన్నని నెలవంక ఊపిరితో పాటు పైకీ కిందికీ కదులుతున్నది.

నాంచారమ్మ గుడ్లప్పగించి చూసి, ఒక్క ఉదుటున చెయ్యి అడ్డం పెట్టింది. నెలవంక ఆమె చేతి మీదికి ఎక్కింది. చెయ్యి జరిపితే మళ్ళీ పొట్ట మీదికి దిగింది. పాపం, ఆమె రెండు చేతులూ చాలలేదు.

"ఇది లోపలికి కూడా వచ్చేసిందే!"

"వచ్చేసిందిగా అత్తా," అన్నది ప్రసన్న. "ఇంక ఉప్మా అన్నా తెప్పించు."

హైమవతి నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకుంది. తానే లేచి వెళ్ళి రెండు విస్తళ్ళలో ఉప్మా తెచ్చింది. నాంచారమ్మ వద్దనలేదు, తాను తినలేదు. కోడలు తింటున్నంతసేపూ, తిన్నాక కూడా, ఆ నెలవంక లావెక్కి తిరిగి బిళ్ళ కావడాన్ని రెప్పవెయ్యకుండా చూస్తూ కూర్చుంది. తరువాత ప్రసన్నకు పుట్టిన పాప చక్కగా ఉందని మస్తాన్ చెప్పాడు. ఒక్క ఉదాహరణ రుజువు కాదని, దాన్ని ఉపన్యాసంలో వాడుకోవద్దని మాస్టారు అతన్ని మందలించారు.

ఇంటికి వచ్చిన మరునాడు హైమవతి యంత్రాన్ని తన ముందుకు జరుపుకుంది. సందె దీపం వేళను కాస్త ముందుకు జరిపి గడి మార్చింది. చక్రం తిరిగింది. ఆయుర్దాయము: అల్పాయుష్షు.

"చూశారా మూర్తిగారూ. మా అమ్మకి అగ్గిపెట్టె తొందరగా దొరికి ఉంటే, నేనీపాటికి లేనట్టే."

"దాన్ని తీసేస్తాను హైమా."

"వద్దు, ఉండనివ్వండి. వచ్చే ఉపన్యాసంలో నిజంగానే ఇలా చూపించండి. ఆ రోజు అన్న మాటని నిజం చేసుకోవడానికి అదొక్కటే దారి. మీదీ చూద్దామా?"

"నాకెక్కడిది వేళ? కోడి కూసేవేళ అనేది మా అమ్మ. అంతే."

"ఏ కోడో, పాపం," అన్నదామె.

హైమవతి ఆ పై వేసవిలో చనిపోయింది. పూర్ణాయుష్షు అన్న మాట అబద్ధమని తేలిపోయింది. ఒక వాదంలో అంత సంపూర్ణంగా గెలిచి, ఆ గెలుపును ఎవరికీ చూపించలేక తలదించుకున్న మనిషిని ఆయన్ను తప్ప నేను మరొకరిని చూడలేదు.

చాలా రోజులు యంత్రం మూత తెరవలేదు. పూర్తిగా ఆపకుండా మూత మూస్తే అది నిద్రపోతుంది. కిటికీలన్నీ ఎలా వదిలారో అలాగే ఉంటాయి. ఒక మధ్యాహ్నం మస్తాన్ వచ్చి, బడిలో ఉపన్యాసం ఒప్పుకున్నానని బతిమాలి వెళ్ళాక, మాస్టారు మూత తెరిచారు. పైన ఆకాశపటం ఉంది. పాత బొమ్మల కోసం అలవాటుగా నన్ను నొక్కారు.

వినాయకుడు, మిణుకుమనే దీపాలు. పేరు దగ్గర: దక్షిణామూర్తి. ఊరు సరిగ్గానే ఉంది. తేదీ సరిగ్గానే ఉంది. పుట్టిన వేళ: మిట్టమధ్యాహ్నం. ఆయుర్దాయము: పూర్ణాయుష్షు.

మాస్టారు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు. మిట్టమధ్యాహ్నం. కోడి ఎప్పుడు కూస్తుందో ఆమెకు తెలియదా?

నాకు తెలుసు. ఆయన చివరిసారి మందుల కోసం గుంటూరు వెళ్ళిన రోజు, ఆమె మంచం దిగి వచ్చి, ఆయాసపడుతూ ఈ బల్ల ముందు కూర్చుంది. పేరు నింపి నన్ను నొక్కింది, తేదీ నింపి నన్ను నొక్కింది, కోడి కూసేవేళ రాసింది. తెర చెప్పిన మాట ఆమెకు నచ్చలేదు. వెనక్కి వచ్చి వేళను కాస్త జరిపింది. మళ్ళీ నచ్చలేదు. సూర్యోదయం, బారెడు పొద్దు, అలా జరుపుతూ జరుపుతూ, జరిపిన ప్రతిసారీ నన్ను నొక్కుతూ, భర్తకు నిండు ఆయుష్షు దొరికేదాకా ఆగలేదు. దొరికాక ఆకాశపటాన్ని పైకి తెచ్చి, ఏమీ ఎరగనట్టు మూత వేసింది. ఆ వేలు మంచుముక్కలా ఉంది. ఆమెను కూడా అలా కలుసుకోవలసి వచ్చినందుకు నేను సిగ్గుపడ్డాను. ఆ రహస్యాన్ని దాచి ఉంచే శక్తి నాకు లేకపోయినందుకు ఇప్పుడు ఇంకా సిగ్గుపడ్డాను.

"నువ్వు కూడానా హైమా," అన్నారు మాస్టారు, ఉపన్యాసంలో తప్పు పట్టినప్పుడు ఆమె అనే గొంతుతో. తరువాత ఒక విచిత్రమైన పని చేశారు. నన్ను నొక్కారు, ఆకాశపటం వచ్చింది. మళ్ళీ నొక్కారు, ఆమె కిటికీ వచ్చింది. చంద్రుడు, ఆమె. చంద్రుడు, ఆమె. దేన్నీ మూయలేదు. బ్యాటరీ అయిపోయి తెర తనంతట తాను ఆరిపోయేదాకా అలాగే తిప్పుతూ కూర్చున్నారు. ఆ వేలు చల్లగా లేదు.

తరువాతి ఉపన్యాసాలతో నా కింది స్ప్రింగు వదులైంది. మస్తాన్ మీటల పలక మొత్తం మార్చి నన్ను ఈ డబ్బాలో వేశాడు. అప్పుడప్పుడు ఎవరి యంత్రానికైనా సరిపోతానేమోనని నన్ను పైకి తీసి, బాణాలు లేని వీపు చూసి, మళ్ళీ లోపల పడేస్తాడు. ఆ క్షణం అతని వేలు తగులుతుంది. వెచ్చగా ఉంటుంది, తీగలు అతికే సోల్డరు వాసన కాస్త వేస్తుంది. ఏ పలక మీదికి ఎక్కినా మళ్ళీ నా నియమం నాదే. చివరగా దేన్ని చూశారో దాన్నే ముందు పెడతాను. అందులో సిగ్గుపడవలసింది ఎవరన్నది మాత్రం నాకింకా తేలలేదు.